కాదనేవాడు ఉండాలి

మన బళ్లలో వ్యాసరచన పేరుతో మొట్టమొదట నేర్పేది గోడమీద పిల్లివాటం. 'సినిమాలు – లాభనష్టాలు', 'విజ్ఞానం వరమా, శాపమా', 'సెల్‌ఫోన్ – ఉపయోగాలు, అనర్థాలు'. పిల్లవాడు 'నేటి ఆధునిక యుగంలో' అని ఉపోద్ఘాతం ఎత్తుకుంటాడు. విషయ వివరణలో లాభాలన్నీ ఒక పక్క, నష్టాలన్నీ ఒక పక్క పేరుస్తాడు. ఉపసంహారంలో 'ఏదైనా మితంగా వాడుకుంటే మేలు' అని చేతులు దులుపుకుంటాడు. పదికి ఏడో ఎనిమిదో పడతాయి. అదే పిల్లవాణ్ణి మొన్న శుక్రవారం వచ్చిన సినిమా ఎలా ఉందని వీధిలో అడిగి చూడండి. హీరో దగ్గర్నుంచి ఎడిటర్ దాకా ఎవణ్ణీ వదలడు. ఎందుకు బాగాలేదో, ఏ సీను తీసేస్తే బాగుపడేదో చెబుతాడు, ఎదుటివాడు కాదంటే గొంతు పెంచుతాడు. అభిప్రాయం లేక కాదు, కాగితం మీద అభిప్రాయం పెడితే మార్కులు పోతాయని వాడికి ఎవరో నేర్పారు. ఆ ఎవరో మనమే, పంతుళ్లమే.

ఈ అలవాటు పరీక్షతో వదలదు. పెద్దయ్యాక కార్పొరేషన్‌కు అర్జీ రాసినా, పత్రికకు లేఖ రాసినా, సభలో మైకు చేతికిచ్చినా పాము చావకుండా కర్ర విరగకుండా మాట్లాడతాం. అవతలివాళ్లకు అంతకంటే కావలసింది లేదు.

నేనుండేది ఎన్నూరు. చెన్నైకి ఉత్తరపు కొస. కొసస్థలయ్యారు నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. నగరి, పుత్తూరు వైపు మనవాళ్లు కుశస్థలి అని పిలుచుకునే ఏరు కూడా ఈ నదిదే. ఒకప్పుడు శ్రీహరికోట కట్టెలు బకింగ్‌హామ్ కాలువలో పడవలమీద ఈ దారినే మద్రాసుకు వెళ్లేవి. తరవాత 1970లో థర్మల్ కేంద్రం వచ్చింది, అది 2017లో మూతపడింది. ఈలోగా ఉప్పుటేటికి అవతల మరో రెండు పెద్ద విద్యుత్ కేంద్రాలు లేచాయి. 2001లో బొగ్గు దించుకోవడానికని రేవు వచ్చింది. ఇప్పుడు దాన్ని కామరాజర్ పోర్టు అంటున్నారు. దాని పక్కన కాట్టుపల్లి రేవు. ఈ ఊళ్లో అభిప్రాయం లేకుండా బతకడం కష్టం. ఒకే ఇంట్లో అన్న రేవులో కాంట్రాక్టు పనికి వెళతాడు, తమ్ముడు ఉప్పుటేట్లో రొయ్యలకు వెళతాడు. రాత్రి అన్నాల దగ్గర ఇద్దరికీ పడదు. వాళ్ల పోట్లాటలో నాకు నచ్చేది ఒకటుంది. ఇద్దరిలో ఎవడూ 'నాణేనికి రెండు వైపులుంటాయి' అనడు.

మా అక్క మనవరాలు ఇక్కడే ప్లస్ వన్ చదువుతోంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, వ్యాసం మాత్రం ఇంగ్లిషులో. చెన్నైలో తెలుగిళ్ల పిల్లలు చాలామంది పద్ధతి ఇదే. రోడ్డు భద్రత మీద వ్యాసం రాసుకుని ఒక ఆదివారం వచ్చింది.

"తాతయ్యా, మొదటి పేరా చివర థీసిస్ స్టేట్‌మెంట్ ఉండి తీరాలన్నారు మేడమ్. పెట్టాను, చూడండి."

చూశాను. రోడ్డు భద్రత మనందరి బాధ్యత అని ఉంది.

"దీన్ని కాదనేవాళ్లు ఎవరున్నారమ్మడూ?"

"ఎవరూ ఉండరు. మంచి మాటే కదా!"

"మరి రెండు పేజీలు ఎవరితో వాదించావు?"

అది మూతి ముడుచుకుంది. నేను పేజీలు తిప్పాను. హెల్మెట్లు, సీటు బెల్టులు, సిగ్నళ్లు, అన్నీ పాఠ్యపుస్తకం సరుకే. ఆఖరి పేజీలో, ఇక ముగించబోయే ముందు, ఎక్కడినుంచి వచ్చిందో ఒక వాక్యం వచ్చి పడింది. పొద్దున బడికి వెళ్లే వేళకు హైరోడ్డు పొడుగునా కంటెయినర్ లారీలు నిలబడి ఉంటాయట, వాటి సందుల్లోంచి సైకిలు తోసుకుంటూ వెళ్లాలట, డ్రైవరుకు తాను కనబడుతున్నానో లేదో తెలియదట.

"ఇదిగో, నీ వ్యాసం ఇక్కడ మొదలవుతోంది. ఏం చెయ్యమంటావు వాటిని?"

"లారీలు వద్దు."

"అసలే వద్దా? మీ నాన్న పని చేసేది కంటెయినర్ యార్డులోనే కదే!"

పకపకా నవ్వింది. తరవాత ఆలోచించింది. అసలే వద్దంటే అన్నం ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్న ఉంది. ఉండనిస్తే సైకిలు సంగతి ఉంది. కొట్టివేతలన్నీ అయ్యాక తేలింది ఇది: 'బడి మొదలయ్యే గంటా, వదిలే గంటా కంటెయినర్ లారీలను హైరోడ్డు మీదికి రానివ్వకూడదు, దానివల్ల సరుకు ఆలస్యమైనా సరే.'

ఇప్పుడు కాదనేవాళ్లు బోలెడుమంది. ఓడ ఎవరికోసమూ ఆగదంటాడు ఎగుమతిదారు. నాకు బత్తా ట్రిప్పు లెక్కన వస్తుంది, రెండు గంటలు ఆపితే ఒక ట్రిప్పు పోతుందంటాడు డ్రైవరు. ఈ రోడ్డు మీద ఆపితే ఇంకో రోడ్డు మీద పేరుకుంటాయంటాడు ట్రాఫిక్ పోలీసు. అమ్మాయికి బెంగ పుట్టింది.

"నాన్నకు కోపం వస్తుందేమో తాతయ్యా."

"కోపం రానీ, జవాబు కూడా వస్తుంది. ఆ జవాబే నీ రెండో పేరా."

ఇందులో రెండు సంగతులున్నాయి. వాటి కోసమే ఇంత చెప్పాను. ఒకటి, గట్టి వాదం తరచు మొదటి ప్రతిలో ఆఖరి పేజీలో దొరుకుతుంది. రాస్తూ రాస్తూ ఉండగా మనసు మొహమాటం వదిలేసి అసలు మాట అనేది అక్కడే. దాన్ని పీకి పైకి తెచ్చి, పాత మొదటి పేజీని నిర్దాక్షిణ్యంగా కొట్టేయాలి. రెండోది ఇంకా ముఖ్యం. ఆ వాక్యం చివర 'ఆలస్యమైనా సరే' అన్న ముక్క ఉంది చూశారా, బలమంతా అక్కడుంది. ఏం కావాలో చెప్పడం సులువు. దానికి ఏం వదులుకుంటావో కూడా అదే ఊపిరిలో చెప్పినప్పుడే ఎదుటివాడు నీ మాట పట్టించుకుంటాడు. ధర చెప్పని వాదాన్ని ఎవరూ బేరమాడరు, విని వెళ్లిపోతారు.

ఇదేదో ఇంగ్లిషు క్లాసులో పుట్టిన విద్య అనుకునేవాళ్లకు మన తర్కశాస్త్రం గుర్తు చెయ్యాలి. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడని చెబుతారు. 17వ శతాబ్దం మనిషి. ఆ చిన్న పుస్తకం ఈనాటికీ సంస్కృత పాఠశాలల్లో మొదటి మెట్టు. కనబడేదాన్నిబట్టి కనబడనిదాన్ని తేల్చడాన్ని తర్కంలో అనుమానం అంటారు. దానికి అయిదు అవయవాలుంటే మొదటిది ప్రతిజ్ఞ. కొండమీద నిప్పుంది అనడం. తరవాత హేతువు, పొగ కనబడుతోంది కాబట్టి. తరవాత ఉదాహరణ, వంటింట్లో మాదిరిగా. ఎన్నూరు పొగగొట్టాల కింద కాపురం ఉండేవాళ్లకు ఈ పాఠం బోధపరచడానికి వేరే గురువు అక్కర్లేదు. నన్ను ఆకట్టుకునేది మాత్రం ఇంకొకటి. నిప్పుందో లేదో సందేహం ఉన్న చోటునే 'పక్షం' అంటారు. సందేహమే లేనిచోట, అందరూ ఒప్పుకున్నదాన్ని మళ్లీ రుజువు చెయ్యబోతే అది సిద్ధసాధనమనే దోషం. వంటింట్లో పొయ్యి కళ్లముందు మండుతుంటే అక్కడ నిప్పుందని వాదించేవాణ్ణి ఏమంటాం? 'కాలుష్యం హానికరం', 'చెట్లు మనకు ప్రాణవాయువు ఇస్తాయి', 'రోడ్డు భద్రత మనందరి బాధ్యత', ఇవన్నీ అలాంటివే. పాతకాలం పండితుల సభలో అయితే ఇలాంటి ప్రతిజ్ఞతో లేచినవాణ్ణి అక్కడే కూర్చోబెట్టేవారు. మన బళ్లలో వాడికి బహుమతి వస్తుంది.

ఇప్పుడు కాస్త బరువైన ఉదాహరణ చెబుతాను. 2023 డిసెంబరు ఎన్నూరుకు చెడ్డ నెల. మిచౌంగ్ తుపాను వానల్లో మణలి చమురు శుద్ధి కర్మాగారం వైపునుంచి చమురు కొట్టుకొచ్చి బకింగ్‌హామ్ కాలువ గుండా ఉప్పుటేట్లోకి చేరింది. పడవలూ వలలూ నల్లగా జిడ్డు పట్టాయి. ఆ జిడ్డు వదలకముందే, 26వ తేదీ రాత్రి, ఒక ఎరువుల కర్మాగారానికి సముద్రం అడుగునుంచి అమోనియా తెచ్చే గొట్టం లీకయింది. పెరియకుప్పం, చిన్నకుప్పం వాళ్లు చీకట్లో పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తారు. చాలామంది ఆస్పత్రి పాలయ్యారు. తెల్లారేసరికి అందరూ ఖండించారు. పార్టీలు ఖండించాయి, అధికారులు విచారం తెలిపారు. ఉత్పత్తి ఆపమని కాలుష్య నియంత్రణ మండలి ఆదేశించింది. లీకు మంచిది కాదన్న విషయంలో రెండో మాట లేదు. తర్కం భాషలో అది సిద్ధమైపోయిన విషయం.

ఆ తరవాత ఊళ్లవాళ్లు పందిరి వేసుకుని కూర్చుని అడిగింది మాత్రం వేరు. కర్మాగారాన్ని శాశ్వతంగా మూసెయ్యాలని. ఆ 'శాశ్వతంగా' దగ్గరే అంతదాకా తలలూపినవాళ్లు చాలామంది ఆగిపోయారు. ఉద్యోగాల మాటేమిటన్నారు. రైతుకు ఎరువెలా అన్నారు. గొట్టం బాగుచేసుకుంటే చాలదా అన్నారు. నా మటుకు నేను ఆ ప్రశ్నలను కొట్టిపారెయ్యను, ఉద్యోగాల ప్రశ్న చాలా గట్టిది. కానీ చూడండి, ఆ ఒక్క మాటతో ఊరు అసలైన చర్చలోకి దిగింది. ఇళ్లకు ఇంత దగ్గరలో ఇలాంటి వాయువును మోసే గొట్టం ఉండవచ్చా ఉండకూడదా అన్నది అంతకుముందు ఎవరూ బయటికి అనుకోని ప్రశ్న. 'లీకులు అరికట్టాలి' అని అడిగి ఉంటే ఆ ప్రశ్న పుట్టేదే కాదు. 'తప్పకుండా అరికడతాం' అని ఒక జవాబు వచ్చేది, పందిరి విప్పేసేవాళ్లు. మత్స్యకారుల కుప్పంలో ఆడవాళ్లు వ్యాసరచన క్లాసుకు వెళ్లకుండానే వాదాన్ని ఎక్కడ నిలబెట్టాలో కనిపెట్టారు.

మద్రాసులో తెలుగువాళ్లకు ఈ విద్యలో చరిత్ర ఉంది. గాజుల లక్ష్మీనరసు శెట్టి వర్తకుడు, 1844 నుంచి క్రెసెంట్ పత్రిక నడిపాడు, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టాడు. కంపెనీ పాలన గడువు దగ్గరపడుతోందని తెలిసి ఆ సంఘం బ్రిటిష్ పార్లమెంటుకు పెద్ద అర్జీ పంపింది. అందులో లేని ఫిర్యాదు లేదు. పన్నుల భారం, కోర్టుల జాప్యం, చదువుకు డబ్బు ఇవ్వకపోవడం, రోడ్లు, కాలువలు. వీటిలో చాలావాటికి దొరతనం దగ్గర జవాబులు సిద్ధంగా ఉంటాయి. పన్ను ఎక్కువంటే ఎంత ఎక్కువ, ఎవరితో పోలిస్తే అనవచ్చు. రోడ్లు వేయిస్తున్నాం, ఓపిక పట్టండి అనవచ్చు. కానీ ఒక ఆరోపణ అలాంటిది కాదు. శిస్తు వసూలు చెయ్యడానికి రైతులను చిత్రహింసలు పెడుతున్నారన్నది. వేళ్లను కిట్టిలో పెట్టి నలుపుతున్నారు, ఎండలో వంచి నిలబెడుతున్నారు. ఇది నిజమన్నా కావాలి, అబద్ధమన్నా కావాలి. 'కొంతవరకు' అనడానికి వీల్లేదు. డాన్బీ సీమోర్ అనే పార్లమెంటు సభ్యుడు 1853లో వచ్చి లక్ష్మీనరసు శెట్టితో కలిసి జిల్లాలు తిరిగాడు. 1854లో ఆ గొడవ లండన్ సభలో రేగింది. మద్రాసు ప్రభుత్వం విచారణ సంఘం వెయ్యక తప్పలేదు. 1855లో ఆ సంఘమే హింస నిజమేనని నివేదిక ఇచ్చింది. అంత పెద్ద అర్జీలో చరిత్ర పుస్తకాలు గుర్తు పెట్టుకున్నది ప్రధానంగా ఈ ఒక్క ముక్కనే. మిగతావి న్యాయం కాక కాదు, దీన్నొక్కదాన్ని తప్పించుకోవడానికి దారి లేక.

అంటే వాదం పట్టిందల్లా వదలని ఉడుంపట్టు కావాలా? అక్కర్లేదు. న్యాయసూత్రాల్లో వాదంలో ఓడిపోయే స్థానాలు ఇరవై రెండు చెప్పారు, వాటికి నిగ్రహస్థానాలని పేరు. మొదటి నాలుగూ ప్రతిజ్ఞ గురించినవే. ప్రతిజ్ఞను చేజేతులా వదులుకోవడం, మధ్యలో దాన్ని ఇంకోదానిగా మార్చడం, దానికి విరుద్ధమైన హేతువు చెప్పడం, అసలు నేనలా అనలేదనడం. మన టీవీ చర్చలు చూసేవాళ్లకు ఈ నాలుగూ రాత్రి తొమ్మిది గంటలకు దర్శనమిస్తాయి. వాదనలో ఓడిపోతే దొంగచాటుగా ప్రతిజ్ఞ మార్చకు, బాహాటంగా ఒప్పుకో అన్నదే అక్కడి నీతి. గట్టి వాక్యం రాసినవాడికి ఓడిపోయే అవకాశం ఉంటుంది. గోడమీద కూర్చున్నవాడికి అది లేదు, గెలిచేదీ లేదు.

ఎన్నూరులో ఇదంతా కాగితం మీది కబురు కాదు. 2006 సెప్టెంబరు నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టుల్లో చాలావాటికి అనుమతి రావాలంటే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కలెక్టరో ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారో అధ్యక్షత వహించాలి. కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాట్లు చెయ్యాలి, వీడియో తియ్యాలి. ఇంతమంది వస్తేనే సభ అన్న నియమం లేదు. పాతది మూతపడినా, ఎన్నూరు థర్మల్ కేంద్రం 660 మెగావాట్ల విస్తరణ మీద 2024 డిసెంబరులో ఇలాంటి సభే జరిగింది. సభ అయ్యాక ప్రజలు లేవనెత్తిన అంశాలు ఎడమ పక్క, వాటికి కంపెనీ ఇచ్చిన సమాధానాలు కుడి పక్క రాసి పైకి పంపుతారు. మైకు ముందు మనం ఏడ్చినా అరిచినా ఢిల్లీలో కూర్చున్న నిపుణుల కమిటీ దగ్గర మన తరఫున మాట్లాడేది ఎక్కువగా ఆ ఎడమ పక్క వాక్యమే.

అందుకని మాట్లాడబోయేవాడు ఎడమ పక్క సంగతి కాదు, కుడి పక్క సంగతి ముందు ఆలోచించుకోవాలి. నేను చెప్పే వాక్యానికి ఎదురుగా వాళ్లు ఏం రాయగలరు? 'కాలుష్యం పెరుగుతుంది' అంటే 'నిబంధనల ప్రకారం అన్ని చర్యలూ తీసుకుంటాం' అని రాస్తారు. 'మత్స్యకారులు నష్టపోతారు' అంటే 'సామాజిక బాధ్యత కింద సహాయం చేస్తాం' అని రాస్తారు. ఈ రెండు జవాబులూ ఏ ఫిర్యాదుకైనా అతుకుతాయి, అడిగింది ఎవరో చూడనక్కర్లేదు. అదే, 'బూడిద గొట్టాలు కొత్తవి వేసి ఉప్పుటేట్లోని బూడిద తీసేదాకా కొత్త యూనిట్ వద్దు' అనండి. వేశామనో వెయ్యలేదనో రాయాలి. తీశామంటే ఎంత తీశారో చెప్పాలి. ఈ మాట ఊహించి చెప్పింది కూడా కాదు. ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రం బూడిద నీళ్లు మోసే గొట్టాలు పగిలి ఏట్లో బూడిద మేట వేస్తోందని మత్స్యకారులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఏళ్ల తరబడి నడిచిన ఆ కేసులో 2022లో ట్రిబ్యునల్ ఉత్తర్వులిచ్చింది. ఫలానా గొట్టం, ఫలానా చోట, ఫలానావారిది అని వేలెత్తి చూపారు కాబట్టే ఆ కేసు నిలిచింది. 'ఎన్నూరును కాపాడండి' అని వేసి ఉంటే ఎవరినుంచి, ఎలా అని తిప్పి పంపేవారు.

ఈసారి మీ ఊళ్లో అలాంటి సభకు నోటీసు పడితే కనీసం ముప్ఫై రోజుల వ్యవధి ఉంటుంది. నిజానికి ఒక మంచి వాక్యానికి అది ఎక్కువే. రాసుకోండి. ఇంట్లో కాదనేవాళ్లకు ముందు వినిపించండి, రేవులో పనిచేసే అన్నకు, యార్డులో పనిచేసే నాన్నకు. వాళ్లు 'అవును కదా' అని ఊరుకుంటే ఇంకా పదును పెట్టాలని అర్థం. సభకు వెళ్లలేకపోతే లిఖితపూర్వకంగా పంపండి, చెల్లుతుంది. వెళితే మాత్రం మీ వంతు అయిపోయింది కదా అని లేచి రాకండి. సభ చివర మినిట్స్‌ను స్థానిక భాషలో చదివి వినిపించాకే సంతకాలు పెట్టాలని అదే నోటిఫికేషన్‌లో ఉంది. మీ వాక్యం మీరన్నట్టే రాశారో లేదో చెవి పెట్టి వినండి. నీరుగార్చి రాసి ఉంటే అక్కడే, అందరిముందూ, దిద్దించండి.